యానాం పురసభలో తెలుగు



కాకినాడలో అమలాపురం బస్సెక్కి తాళ్లరేవు దాటామంటే కాసేపటికి ప్రభుత్వం మారుతుంది. భాష మారదు. పొలాల్లో పంటా మారదు, కొబ్బరిచెట్టూ మారదు. పెట్రోలు బంకుల ముందు మాత్రం బళ్లు బారులు తీరి కనిపిస్తాయి. పన్ను తక్కువ కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పనిగట్టుకుని అక్కడికి వచ్చి ట్యాంకు నింపించుకుంటారు. ఎదురొచ్చే మోటారు సైకిళ్ల నంబర్లు పి.వై. 04తో మొదలవుతాయి. అదే యానాం. ఇంకొంచెం ముందుకు వెళితే గౌతమి మీద బాలయోగి వారధి. ఒకప్పుడు అక్కడ పంటు మీద దాటేవాళ్లం. అవతల ఎదుర్లంక, మళ్లీ ఆంధ్రప్రదేశ్.

నాలుగు పక్కలా తెలుగునేల ఉన్న ఈ ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. సచివాలయం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 2011 జనాభా లెక్కల్లో యానాం జనం 55,626 మంది. విస్తీర్ణం ముప్పై చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక మండలం కూడా అంతకంటే పెద్దదిగానే ఉంటుంది. అయినా ఈ చిన్న జాగాలో ఒక శాసనసభ స్థానం, ఒక ప్రాంతీయ పరిపాలనాధికారి, ఒక మునిసిపాలిటీ ఉన్నాయి. యానాం అనగానే పెట్రోలు, మద్యం, ఫ్రెంచివాళ్లు అని మూడు మాటల్లో తేల్చేస్తుంటాం. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది వాటి గురించి కాదు, ఆ మునిసిపాలిటీ గురించి. అక్కడ చట్టం తెలుగుకు అధికార భాషగా చోటిచ్చింది. ఆ తెలుగులో ఊరివాళ్లు తమ పాలన గురించి తామే కూర్చుని మాట్లాడుకునే సభ లేకుండానే మాత్రం ఎక్కువ కాలం గడిచిపోయింది.

కొంచెం వెనక్కి వెళదాం. 1880 మార్చి 12న ఫ్రెంచి ప్రభుత్వం ఒక డిక్రీ ఇచ్చింది. ఫ్రెంచి ఇండియాను కొమ్యూన్లుగా విడదీసి, ఒక్కో కొమ్యూనుకు ఎన్నికైన కౌన్సిలును, దానికొక మేయరును పెట్టమంది. తొలి విడతలో వచ్చిన పది కొమ్యూన్లలో యానాం ఒకటి. అప్పటికి ఆ ఊరి జనాభా అయిదారు వేలు దాటి ఉండదు. పక్కనే బ్రిటిషువాళ్ల కాకినాడకు 1866లోనే మునిసిపాలిటీ వచ్చింది గానీ, అక్కడ ఓటు ఆస్తీ పన్నూ ఉన్న కొద్దిమందికే. యానాంలో మగవాళ్లకు ఆ షరతు లేదు. కూలివాడు కూడా ఓటు వేయవచ్చు. పారిస్ పార్లమెంటుకు ఫ్రెంచి ఇండియా పంపే ప్రతినిధికి కూడా ఆ ఓటు పనికొచ్చేది. గోదావరి ఇవతల రైతుకు ఢిల్లీలో ఎవరున్నారో తెలియని రోజుల్లో, అవతల జాలరి పారిస్‌కు ఓటేశాడు. వినడానికి గొప్పగానే ఉంటుంది.

లోపల మాత్రం అంత గొప్పగా లేదు. ఓటర్ల జాబితా ఒకటి కాదు. ఐరోపావారికి, వారి సంతతికి ఒక జాబితా, మనవాళ్లకు మరొకటి. 1884 నుంచి 1899 దాకా మూడో జాబితా కూడా ఉండేది. తమ ఆచార ధర్మాలను వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి వచ్చినవారి కోసం దాన్ని పెట్టారు. పిడికెడు మందికి ఒక జాబితా, వేలమందికి ఇంకో జాబితా పెట్టి, సీట్లు జాబితాల వారీగా పంచితే ఎవరి ఓటు ఎంత తూగుతుందో మీరే ఆలోచించండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకగానీ అందరికీ కలిపి ఒకే జాబితా రాలేదు. ఆడవాళ్లకు ఓటు కూడా అప్పుడే వచ్చింది. ఇక ఎన్నికలు జరిగిన తీరు చెప్పనే అక్కర్లేదు. పాండిచేరిలో పెట్టెల్లో ఓట్లు గుమ్మరించడం, కర్రలు తిరగడం, ఒకే నాయకుడు ఏళ్ల తరబడి అందరినీ గుప్పిట్లో పెట్టుకోవడం చరిత్రకెక్కిన విషయాలు. కాబట్టి ఫ్రెంచివాళ్లు ప్రజాస్వామ్యాన్ని పళ్లెంలో పెట్టి ఇచ్చారని నేననను. ఇచ్చింది ఒక కుర్చీ. ఆ కుర్చీ కోసం ఊళ్లోవాళ్లు కొట్టుకోవడం నేర్చుకున్నారు. స్థానిక రాజకీయం ఎక్కడైనా అలాగే మొదలవుతుంది.

ఫ్రెంచి పద్ధతిలో మేయరంటే వీధి దీపాలు, చెత్తబండ్లు చూసుకునే మనిషి ఒక్కడే కాదు. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు నమోదు చేసే అధికారం కూడా ఆయనదే. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు మనువాడినా ఆ దఫ్తరులో పడాలి. దఫ్తరు భాష ఫ్రెంచి. వీధిలో భాష తెలుగు. మన ఇంటిపేర్లు, ఒంటిపేర్లు ఫ్రెంచి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఆ రాతలు ఇప్పటికీ ఊళ్ల పేర్లలో మిగిలాయి. కనకాలపేటను, మెట్టకూరును యానాం సర్కారు కాగితాల్లో ఇంగ్లీషులో రాసినప్పుడు చూడండి, 'క' ఉన్నచోట మనం వాడే అక్షరం కాకుండా ఫ్రెంచివాళ్ల అక్షరం ఉంటుంది. ఫ్రాన్స్‌తిప్ప అనే ఊరైతే పేరులోనే దేశాన్ని మోస్తోంది. ఫ్రెంచి జాతీయత నిలుపుకున్న కుటుంబాలవాళ్లకు జనన పత్రం కావాలంటే ఇప్పటికీ ఫ్రాన్స్‌లోని నాంత్ నగరానికి రాసుకోవాలి. విదేశాల్లో పుట్టిన ఫ్రెంచి పౌరుల రికార్డులు చూసే కార్యాలయం అక్కడే ఉంది.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధిస్తూ శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. యానాంలో ఆ చట్టం చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాలవాళ్లు పిల్లలను తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసి వెళ్లేవాళ్లు. ఊరికి కల్యాణపురమని పేరు కూడా పడింది. సరిహద్దు గీత ఒకటి ఉంటే దాన్ని జనం ఏదో ఒకదానికి వాడుకుంటారు. ఆ రోజుల్లో పసుపుతాడుకు వాడారు, ఈ రోజుల్లో పెట్రోలుకు వాడుతున్నారు.

ఇప్పుడు 1954కు వద్దాం. నాకు ఈ కథలో ఆసక్తిగా అనిపించే భాగం ఇదే. ఫ్రెంచి ఇండియా భారతదేశంలో కలిసిన తీరు గురించి ఉద్యమాలు, సత్యాగ్రహాలు అని చెప్పుకుంటాం. అవి ఉన్నాయి. యానాంలో ఫరంపేటకు చెందిన దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన ముగిసింది. కానీ ఆ పాలనను లోపలి నుంచి కూలదోసిన ఆయుధం మునిసిపాలిటీయే. ఆ ఏడాది మార్చిలో పాండిచేరి ప్రాంతపు కొమ్యూన్ల మేయర్లు, కౌన్సిళ్లు తీర్మానాలు చేశాయి: ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, మమ్మల్ని భారతదేశంలో కలపండి అని. ఎదూవార్ గూబేర్ అప్పటిదాకా పారిస్ పార్లమెంటులో ఫ్రెంచి ఇండియా ప్రతినిధి, ఫ్రెంచి పక్షాన కొమ్ములు తిరిగిన నాయకుడు. ఆయన కూడా అదే నెలలో ఇటు తిరిగాడు. అక్టోబరు 18న కీళూరులో ఓటింగు పెట్టారు. ఓటు వేసింది ఊరి జనమంతా కాదు. ప్రతినిధి సభ సభ్యులు, మునిసిపల్ కౌన్సిలర్లు కలిపి 178 మంది. విలీనానికి 170 మంది, వ్యతిరేకంగా 8 మంది. నవంబరు 1న అధికారం చేతులు మారింది. అంటే రెండు వందల ఏళ్లు దాటిన ఒక సామ్రాజ్యపు ముక్క మీద ఆఖరి మాట చెప్పింది ఎక్కువగా వార్డు కౌన్సిలర్లే. తర్వాత గూబేర్ పాండిచేరికి మేయరయ్యాడు, 1963లో ముఖ్యమంత్రీ అయ్యాడు. మేయరు పదవి అంటే అప్పట్లో అంత బరువు.

ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28న పడ్డాయి. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించి, పూర్తిగా అమల్లోకి రావడానికి 1962 ఆగస్టు 16 అయింది. ఆ ఒప్పందంలో మన కథకు కావలసిన మాటలు రెండున్నాయి. ఒకటి: ఈ ప్రాంతాల ప్రత్యేక పాలనా ప్రతిపత్తిని ప్రజల అభీష్టం తెలుసుకోకుండా మార్చకూడదు. యానాం అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో కలిసిపోకుండా ఉండటానికి ఇదే పునాది. రెండోది ఇరవై ఎనిమిదో అధికరణం: ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు మరోలా నిర్ణయించేదాకా ఈ ప్రాంతాల అధికార భాష ఫ్రెంచి.

ఎన్నుకున్న ప్రతినిధులు 1965లో మరోలా నిర్ణయించారు, కానీ పూర్తిగా కాదు. పాండిచేరి అధికార భాషల చట్టం ఆ ఏడాది వచ్చింది. తమిళం అధికార భాష. మాహేలో మలయాళం, యానాంలో తెలుగు వాడవచ్చు. ఇంగ్లీషు కూడా కొనసాగవచ్చు. ఫ్రెంచిని ఎవరూ బయటికి పొమ్మనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. మీకెప్పుడైనా పుదుచ్చేరి ప్రభుత్వ గెజెట్ చేతికొస్తే మొదటి పేజీ చూడండి. పై వరుసలో తమిళంలో పేరు, దాని కింద ఫ్రెంచిలో, ఆ కింద ఇంగ్లీషులో. యానాం మునిసిపాలిటీకి సంబంధించిన నోటిఫికేషన్ అచ్చయ్యేదీ ఆ గెజెట్లోనే. చట్టం ప్రకారం అక్కడ చెల్లే తెలుగు ఆ పేరుపట్టీలో కనిపించదు. 1954లో వెళ్లిపోయినవాళ్ల ఫ్రెంచి కనిపిస్తుంది. దీని మీద నాకు కోపమేమీ లేదు. పాత ఇంటి గుమ్మం మీద పాత యజమాని పేరు ఉంచుకోవడం ఒక మర్యాద. ఉంటున్నవాడి పేరు కూడా పక్కన రాస్తే బాగుంటుందని మాత్రం అనిపిస్తుంది.

సరే, చట్టం తెలుగును ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు రోజువారీ పనిలో ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూద్దాం. సావిత్రినగర్లో ఒకావిడ ఉందనుకోండి. ఇంటి ముందు డ్రైను పూడిపోయింది, వానొస్తే నీళ్లు గడపెక్కుతున్నాయి. ఆవిడ మునిసిపల్ ఆఫీసుకు వెళ్లి, "ఏవండీ, మా వీధి కాలవ తీయించాలండీ" అంటుంది. "అర్జీ రాసివ్వమ్మా" అంటారు. తెలుగులో రాయించి ఇస్తుంది. తీసుకుంటారు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు, తెలుగే. పూడిక తీయడమే అయితే అక్కడితో తేలిపోతుంది కూడా. కాలవ కొత్తగా కట్టాలి, డబ్బు కావాలి అంటే అసలు ప్రయాణం మొదలవుతుంది. అర్జీ ఫైలవుతుంది. ఫైలు ఇంగ్లీషవుతుంది. అంచనాలు, మంజూరు కోసం పుదుచ్చేరికి పోతుంది. అక్కడ దాన్ని చూసే అధికారికి తెలుగు రావలసిన పని లేదు. అక్కడి నుంచి యానాంకు బదిలీ మీద వచ్చే ఉద్యోగికీ తెలుగు వచ్చి తీరాలని లేదు. రెండు నెలల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చి, "ఆయ్, మా కాలవ ఏమైందండీ?" అంటే, "ఫైలు పాండీలో ఉందమ్మా" అంటారు. యానాంలో పని ఆగిన ప్రతి మనిషికీ ఈ మాట నోటికి వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు ఆవిడ ఎవరిని నిలదీయాలి? శాసనసభలో యానాంకు ఉన్నది ఒకే స్థానం, ఎన్నికయ్యే ముప్పై స్థానాల్లో ఒకటి. సభ ఎక్కువగా తమిళంలో నడుస్తుంది. యానాం సభ్యుడు తెలుగులో ఎంత గట్టిగా మాట్లాడినా, ఎదుట కూర్చున్నవాళ్లలో అర్థమయ్యేది ఎందరికి? సచివాలయంలో ఇంగ్లీషు. కోర్టు మెట్లెక్కి పై కోర్టుదాకా వెళ్లాలంటే మద్రాసు హైకోర్టు, ఎందుకంటే పుదుచ్చేరి దాని పరిధిలోది. అమరావతి దగ్గరే ఉన్నా పనికిరాదు. పాలనకు సంబంధించిన ఇన్ని గదుల్లో, లోపల కూర్చున్న ప్రతివాడికీ తెలుగు వచ్చిన గది ఒక్కటే. అది యానాం మునిసిపల్ కౌన్సిలు సమావేశపు గది. అక్కడ చైర్మనూ తెలుగే, కౌన్సిలరూ తెలుగే, వాదనా తిట్టూ తెలుగే. "మా వార్డుకు ఏం చేశారు?" అని ఒకాయన బల్ల గుద్దితే అనువాదకుడు అక్కర్లేదు. ఒక భాష అధికార భాష అయ్యిందంటే బోర్డు మీద అక్షరాలు పడటం ఒక్కటే కాదు కదా. ఆ భాషలో డబ్బు గురించి నిర్ణయం జరగాలి. దాని గురించి తగువు పడాలి. ఆ తగువు మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. యానాంలో తెలుగుకు అలాంటి చోటు మునిసిపల్ కౌన్సిలే.

ఆ గది తాళం ఎంతకాలం వేసి ఉందో చూడండి. పుదుచ్చేరి ప్రాంతమంతటా మునిసిపల్ ఎన్నికలు 1968లో జరిగాయి, అదీ ఫ్రెంచివాళ్ల డిక్రీల ప్రకారమే. 1973లో మన సొంత మునిసిపాలిటీల చట్టం చేసుకున్నాం. 1974 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త చట్టం కింద ఎన్నికలు మాత్రం రాలేదు. డెబ్బైలు గడిచాయి, ఎనభైలు గడిచాయి. 1993లో రాజ్యాంగానికి 74వ సవరణ అమల్లోకి వచ్చి, పురపాలక సంఘం కాలపరిమితి అయిదేళ్లు, ఆ లోపు ఎన్నిక జరిగి తీరాలి అని చెప్పింది. అది కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుంది. అయినా కదలలేదు. చివరికి కోర్టుల జోక్యంతో 2006లో ఎన్నికలు జరిగాయి. నడుమ 38 ఏళ్లు. 1968లో తొలిసారి ఓటు వేసిన కుర్రాడు మళ్లీ మునిసిపల్ ఓటు వేసే నాటికి ఉద్యోగం విరమించి ఉంటాడు. వలస పాలకులు పెట్టిన డిక్రీ కింద ఎన్నికలు జరిగి, మనం రాసుకున్న చట్టం కింద జరగకపోవడం మింగుడుపడని సంగతే.

ఎందుకిలా? పుదుచ్చేరిలో ఒక్కో శాసనసభ నియోజకవర్గం చాలా చిన్నది. మన దగ్గర ఎమ్మెల్యే కింద పదుల ఊళ్లు, రెండు లక్షల మంది ఓటర్లు. యానాం ఎమ్మెల్యే నియోజకవర్గం, యానాం మునిసిపాలిటీ ఒకటే నేల. కాలవ, దీపం, ఇంటి పట్టా, పింఛను, ఆసుపత్రి ఖర్చు, అన్నీ ఎమ్మెల్యే గడప దగ్గరే తేలతాయి. అదే నేల మీద, అదే ఓటర్లు నేరుగా ఎన్నుకున్న మునిసిపల్ చైర్మన్ ఇంకొకరు ఉంటే? ఒక ఒరలో రెండు కత్తులు. ఇక్కడ చైర్మన్ ఎన్నిక ప్రత్యక్షం అని గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కౌన్సిలర్లు కలిసి చైర్మన్‌ను ఎన్నుకుంటారు. పుదుచ్చేరి పద్ధతిలో చైర్మన్ కూడా ఊరంతటి ఓటుతో గెలుస్తాడు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ ఎమ్మెల్యేకైనా ఆ పోటీ ఇష్టం ఉండదు. ఇది ఒక పార్టీ మీద నింద కాదు. దశాబ్దాలపాటు అన్ని రకాల ప్రభుత్వాలూ ఈ విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి.

యానాం రాజకీయం మొదటి నుంచీ మనుషుల చుట్టూ తిరిగింది, పార్టీల చుట్టూ కాదు. కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడుగారు అరవైల నుంచి ఎనభైల చివరిదాకా ఆ ఊరి రాజకీయానికి కేంద్రం. శాసనసభ స్పీకరుగా కూడా పనిచేశారు. తర్వాత 1996 నుంచి 2016 దాకా మల్లాడి కృష్ణారావుగారు వరసగా అయిదుసార్లు గెలిచారు. మొదట స్వతంత్రుడిగా, తర్వాత కాంగ్రెసు టిక్కెట్టు మీద. మంత్రిగా ఉన్నారు. ఆ కాలంలో యానాం రూపురేఖలు మారాయి. ఇప్పుడు ఊళ్లోకి వెళితే గోదావరి గట్టు, పార్కులు, విగ్రహాలు చూసి పక్క ఊళ్లవాళ్లు కాస్త అసూయపడతారు. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. 2021లో ఆయన పోటీ చేయలేదు. ఆ సీటు నుంచి రంగస్వామిగారు పోటీకి దిగారు. అప్పటికే ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి, పుదుచ్చేరి నుంచి వచ్చిన తమిళ నాయకుడు. యువకుడైన స్థానిక స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ ఆయనను 655 ఓట్ల తేడాతో ఓడించారు. రంగస్వామిగారు పుదుచ్చేరిలో ఇంకో సీటు గెలిచి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. గెలిచిన అభ్యర్థి చేతిలో అధికార పార్టీ లేదు, ఓడిన అభ్యర్థి చేతిలో ప్రభుత్వం ఉంది. అలాంటి సమయంలో ఊరికి సొంతంగా ఒక ఎన్నికైన కౌన్సిలు ఉంటే ఎంత తేడా ఉండేదో ఊహించుకోవచ్చు.

నాతో వాదించేవాళ్లు ఉంటారు. "ఎమ్మెల్యేగారికి చెబితే పని అయిపోతుంది, మధ్యలో కౌన్సిలర్లు ఎందుకండీ, వాళ్లకో కమీషనా?" అంటారు. ఈ మాటలో అనుభవం ఉంది, నేను కొట్టెయ్యను. కానీ 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చినప్పటి సంగతి తీసుకోండి. ఏ వీధిలో నీళ్లు ముందు ఎక్కాయి, ఏ ఇంట్లో మంచాన పడ్డ ముసలివాళ్లున్నారు, ఎవరి వల, ఎవరి పడవ కొట్టుకుపోయింది, పరిహారం జాబితాలో ఎవరి పేరు తప్పిపోయింది. ఇవి ఒక ఎమ్మెల్యే, ఒక పరిపాలనాధికారి, ఒక మునిసిపల్ కమిషనర్ ముగ్గురూ కలిసి గుర్తుపెట్టుకోగలిగినవి కావు. వార్డుకొక మనిషి ఉండి, జాబితాలో పేరు తప్పితే మర్నాడు పొద్దున్నే ఆ మనిషి ఇంటి అరుగు మీదికి వెళ్లి అడగగలగాలి. యానాంలో వార్డులు పది. పది మంది సరిపోతారు.

2006లో ఎన్నికైనవాళ్ల గడువు 2011లో ముగిసింది. మళ్లీ అధికారుల పాలన. 2018లో సుప్రీంకోర్టు ఎన్నికలు పెట్టమంది. 2021 సెప్టెంబరులో రాష్ట్ర ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇచ్చింది. యానాం, మాహే, కారైకాల్ మునిసిపాలిటీలకు మొదటి విడతలోనే పోలింగ్ అన్నారు. వార్డుల రిజర్వేషన్ లెక్క తప్పని కొందరు మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు. సవరించి మళ్లీ ఇచ్చారు. ఈసారి వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ తీసేశారని గొడవ. అదీ ఆగిపోయింది. ఆ తగువులో న్యాయం ఎటుందో నేను తీర్పు చెప్పను, రిజర్వేషన్ చిన్న విషయం కాదు. అయితే రిజర్వేషన్ లెక్క తేల్చడానికి పదేళ్లు ముందే దొరికాయి కదా అని మాత్రం అడగవచ్చు.

ఇంకో సంగతి. పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున మేరీ అని ఒక పాత భవనం ఉండేది. ఫ్రెంచివాళ్లు కట్టిన మేయర్ కార్యాలయం. 2014 నవంబరులో వానలకు కూలిపోయింది. అచ్చం పాత నమూనాలోనే, అదే తెల్లటి స్తంభాలతో మళ్లీ కట్టి, 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి చేతుల మీదుగా ప్రారంభించారు. చాలా అందంగా కట్టారు. అదే ఏడాది ఆ భవనంలో కూర్చోవలసినవాళ్ల ఎన్నిక ఆగిపోయింది.

యానాంకు తిరిగి వస్తే, యువతీ యువకులు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు ఒక పని చెప్తాను. 2006 నుంచి 2011 దాకా మీ ఊరికి ఎన్నికైన కౌన్సిలు ఉంది. అది సమావేశమైంది, తీర్మానాలు చేసింది. ఏ వార్డుకు ఎంత ఖర్చు పెట్టారు, ఎవరు ఏమడిగారు, ఏ తీర్మానాన్ని పుదుచ్చేరి ఒప్పుకుంది, ఏది తిప్పి పంపింది, ఆ రాతంతా ఏ భాషలో రాశారు, ఇవన్నీ ఆ మినిట్స్ పుస్తకాలు చెప్పాలి. సమాచార హక్కు చట్టం ఆరో సెక్షను చదవండి. దరఖాస్తు ఇంగ్లీషులోగానీ, హిందీలోగానీ, దరఖాస్తు పెట్టే ప్రాంతపు అధికార భాషలోగానీ ఇవ్వవచ్చని ఉంది. 1965 చట్టాన్ని చూపించి తెలుగులోనే రాయండి. మునిసిపల్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరున ఇచ్చి, రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. జవాబు ఏ భాషలో వస్తుందో చూసి మాకూ ఒక ఉత్తరం రాయండి.